బాగ్-ఎ-ఆమ్‌లో మామిడికాయలు

మా నాయిన మొదటిసారి హైదరాబాద్ చూసింది 1971 ఎండాకాలంలో. తాండూరులో పాసింజర్ ఎక్కి నాంపల్లి స్టేషన్‌లో దిగాడు. జేబులో ఒక పెద్దమనిషి ఇచ్చిన చిట్టీ, చేతిలో జొన్నరొట్టెల మూట. చిట్టీ చూసి ఉద్యోగం ఇప్పించాల్సినాయన మధ్యాహ్నం మూడింటిదాకా దొరకడని ఆఫీసు గుమ్మం దగ్గరే చెప్పారట. అప్పటికి పొద్దున పది కూడా కాలేదు. తిరిగి స్టేషన్ వైపు వచ్చి, రిక్షా తొక్కే ఒకతన్ని "కూసునే జాగ ఏడన్న ఉన్నదా?" అని అడిగాడు. అతను చెయ్యి చూపించి "బాగే ఆమ్ చలే జావ్" అన్నాడు.

నాయినకు వచ్చిన ఉర్దూలో బాగ్ అంటే తోట, ఆమ్ అంటే మామిడికాయ. మే నెల. పట్నం నడిబొడ్డున మామిడితోట ఉందంటే ఆయన సంతోషం అంతా ఇంతా కాదు. రొట్టెలోకి ఎల్లిపాయ కారం ఉంది, పక్కన ఓ కాయ దొరికితే ఇంకేం కావాలి? గేటు దాటి లోపలికి వెళ్లి, తల పైకెత్తుకుని చెట్టుచెట్టూ తిరిగాడట. "మెడ నొచ్చింది గాని ఒక్క కాయ కానరాలే బిడ్డా" అని ఇప్పటికీ చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ మా అమ్మ అదే చోట నవ్వుతుంది.

ఆ తోటే పబ్లిక్ గార్డెన్స్. ఇప్పుడు బాగ్-ఎ-ఆమ్ అనేవాళ్లు తగ్గిపోయారు. మల్లేపల్లి, రెడ్‌హిల్స్ వైపు పెద్దవాళ్ల నోట వినిపిస్తుంది, అంతే. ఆటో ఎక్కి ఆ పేరు చెబితే డ్రైవర్ అద్దంలోంచి ఒకసారి చూస్తాడు. పబ్లిక్ గార్డెన్ అంటే మాత్రం "అసెంబ్లీ సైడా, స్టేషన్ సైడా?" అని అడుగుతాడు.

నాయినకు వచ్చిన తప్పును నాకు విడమరిచి చెప్పింది రోజూ అక్కడ నడకకు వచ్చే ఒక ముసలి సాబ్. ఆమ్‌లో రెండున్నాయమ్మా, అన్నాడు. అలిఫ్‌తో రాస్తే మామిడి, ఐన్‌తో రాస్తే అందరిదీ. రాజు జనం మొర వినే దీవాన్-ఎ-ఆమ్‌లో ఉన్నది ఈ రెండో ఆమ్. నోటితో పలికితే రెండూ ఒకటే, కాగితం మీద పెడితే తేడా తెలుస్తుంది. టైపింగ్ మీద బతికేదాన్ని కాబట్టి ఈ మాట నాకు వెంటనే పట్టుకుంది. ఒక్క అక్షరం తప్పుపడితే వాది ప్రతివాది అయిపోయే లోకం మాది.

అవును, చెప్పలేదు కదా. నాంపల్లి కోర్టుల దగ్గర టైపింగ్ చేస్తాను. ఇరవై ఆరేళ్లుగా అదే పని. మొదట మిషన్ మీద, తర్వాత కంప్యూటర్ మీద. పిటిషన్లు, అఫిడవిట్లు, కిరాయి అగ్రిమెంట్లు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు టిఫిన్ డబ్బా పట్టుకుని గార్డెన్‌కు పోతాను. మా అడ్డాలో ఫ్యాన్ కింద నలుగురం కూర్చుంటే ఐదో మనిషికి గాలి ఆడదు. అందుకని మొదలైన అలవాటు, ఇప్పుడు ఫ్యాన్లు పెరిగినా పోలేదు.

హైదరాబాద్‌లో నాకొక చిత్రం కనిపిస్తుంది. చాలాచోట్ల తోట పోయి పేరు మిగిలింది. బషీర్‌బాగ్‌లో బాగ్ ఏదీ? ఫ్లైఓవర్ ఉంది. బాగ్‌లింగంపల్లిలో అపార్టుమెంట్లు ఉన్నాయి. జాంబాగ్‌లో నీడ కోసం దుకాణాల చూరు కింద నిలబడాలి. ఇక్కడ మాత్రం తలకిందులు. పేరు పోయింది, తోట మిగిలింది. పూర్తిగా మిగిలిందా అంటే, కాదు. దాని కథ అదే.

అసెంబ్లీ భవనాన్ని టీవీలో చూస్తుంటాం కదా, తెల్లటి గుమ్మటాలు, ముందు ధ్యానంలో కూర్చున్న గాంధీ విగ్రహం. ఆ భవనం కట్టింది ఈ తోట నేల మీదే. కట్టేనాటికి దాని పేరు టౌన్‌హాల్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో పునాది వేశారు. జనం చందాలు వేసుకుని కట్టించిన కట్టడం. పూర్తయ్యేసరికి 1913 వచ్చింది. మహబూబ్ అలీఖాన్ 1911లోనే పోయాడు. తన పుట్టినరోజు కానుకను ఆయన పూర్తిగా చూడనేలేదు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆ గుమ్మటాల వైపు చూస్తే నాకు ముందు ఆ ఎనిమిదేళ్లే గుర్తొస్తాయి. మా దగ్గర సివిల్ దావాలు అంతకన్నా ఎక్కువే నడుస్తాయి లెండి. గెలిచినవాడు తీర్పు వినకుండా పోయిన కేసుల కాగితాలు ఎన్ని టైపు చేశానో.

జనం కోసం కట్టిన టౌన్‌హాల్‌లో తర్వాత శాసనసభ కూర్చుంది. దాని చుట్టూ గోడ లేచింది, గేట్లు వచ్చాయి, కాపలా వచ్చింది. శాసనసభకు కాపలా ఉండాల్సిందే, కాదనను. కానీ తోటలోంచి మొదట చేజారిన ముక్క మాత్రం అదే.

తర్వాత ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలం. ఈయనకు ఈ తోట మీద మరీ మక్కువ ఉన్నట్టుంది. 1924లో షాహీ మస్జిద్ కట్టించాడు. శుక్రవారం నమాజుకు తనే వచ్చేవాడు. లోకంలోకెల్లా సంపన్నుడని పేరుపడ్డ మనిషి, నాంపల్లి జనంతో కలిసి వరుసలో నిలబడ్డ చోటు అది. ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం చుట్టుపక్కల ఆఫీసుల వాళ్లు, దుకాణాల వాళ్లు అక్కడికే వస్తారు. మా అడ్డాలో పక్క కుర్చీ గుమాస్తా భాయ్ ఒంటిగంటకల్లా టోపీ జేబులో పెట్టుకుని లేస్తాడు. "అక్కా, ఆ తాండూరాయన వస్తే కూసోబెట్టు" అంటాడు. నా క్లయింట్లలో తాండూరు వాళ్లు ఎక్కువ. మా నాయిన ఊరివాళ్లందరికీ నేను ఇక్కడున్నానని తెలుసు. ఎవరికి ఏ కాగితం కావాలన్నా "మన బిడ్డ ఉన్నది" అని పంపిస్తారు. ఫీజు తగ్గించమంటారు కూడా.

మ్యూజియం గురించి చెప్పాలి. చిన్నప్పుడు మాకు గార్డెన్ అంటే మ్యూజియం, మ్యూజియం అంటే మమ్మీ. 1930లో నిజాం సర్కారు మ్యూజియంగా మొదలైన దానికి సర్కార్లు మారినప్పుడల్లా బోర్డు మీద పేరు మారుతూ వచ్చింది. లోపల మమ్మీ మారలేదు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ ఈజిప్టు నుంచి కొని తెప్పించి ఏడో నిజాంకు ఇస్తే, ఆయన మ్యూజియానికి ఇచ్చాడు. చిన్న వయసులోనే చనిపోయిన అమ్మాయి అట, పేరు నైషు అంటారు. రెండు వేల ఏళ్ల కిందటి పిల్ల నైలు నది ఒడ్డు నుంచి వచ్చి నాంపల్లిలో పడుకుంది. నాకు ఎనిమిదేళ్లప్పుడు నాయిన తీసుకెళ్లి అద్దంలోంచి చూపించాడు. రాత్రంతా నిద్రపోలేదు. భయం వల్ల కాదు. ఆ పిల్లను వాళ్లమ్మ వెతుక్కుంటూ రాదా అని. అమ్మను అడిగితే "పండుకో, ఆమె తల్లి గూడ సచ్చిపోయుంటది" అంది. అదేం ఓదార్పో.

మ్యూజియం వెనక ఒక మనిషి ఉన్నాడు, ఆయన పేరు జనానికి ఇంకా తెలియాలి. గులాం యజ్దానీ. నిజాం 1914లో పురావస్తు శాఖ పెట్టినప్పుడు దానికి మొదటి డైరెక్టర్. అజంతా గుహలు అప్పుడు నిజాం రాజ్యంలోవే. వాటి బొమ్మలు పాడైపోతుంటే బాగు చేయించి, చిత్రకారులతో నకళ్లు రాయించి, పుస్తకాలు వేయించాడు. ఆ నకళ్లు ఈ మ్యూజియంలో చూడొచ్చు. ఔరంగాబాద్ దాకా పోలేని నాలాంటివాళ్లకు అజంతా అంటే నాంపల్లిలోని ఆ గదే. ఎండాకాలం మధ్యాహ్నం లోపల చల్లగా ఉంటుంది. గోడమీద బోధిసత్వుడు తామరపువ్వు పట్టుకుని కళ్లు దించుకుని నిలబడి ఉంటాడు. వాయిదా పడిందని మొహం వేలాడేసుకున్న నా క్లయింటును ఒకసారి అక్కడికి తీసుకెళ్లాను. "ఈయన గూడ ఏదో కేసులున్నట్టున్నడమ్మా" అన్నాడు.

జూబిలీ హాలు సంగతీ ఇలాంటిదే. ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కి 1936కు పాతికేళ్లు. రజతోత్సవానికి అంతా సిద్ధమవుతుండగా ఆ జనవరిలో లండన్‌లో జార్జి చక్రవర్తి పోయాడు. మైల ఇక్కడిదాకా తాకింది. ఉత్సవం 1937 ఫిబ్రవరికి వాయిదా. ఆ ఉత్సవం కోసం లేచిన హాలే ఇది. రాజులకూ వాయిదాలు తప్పలేదని మా కోర్టు జనానికి చెబితే కొంచెం తేరుకుంటారు.

ఆ మరుసటి ఏడాదే, 1938లో, ఈ తోటలో ఇంకొకటి మొదలైంది. రాజులు మొదలుపెట్టింది కాదు. ఉస్మానియాలో చదువుకున్న కుర్రాళ్ల సంఘం ఒకటి రాష్ట్రంలో ఆర్థిక సర్వే చేద్దామనుకుంది. డబ్బుల్లేవు. డబ్బు కోసం ఒక సంత పెట్టారు, స్వదేశీ సరుకులతో. ఓ వంద స్టాళ్లు, పది రోజులు. పేరు నుమాయిష్ మస్నూఆత్-ఎ-ముల్కీ, అంటే మన దేశపు సరుకుల ప్రదర్శన. నిజాం వచ్చి తెరిచాడు. మన నుమాయిష్ పుట్టుక అదే. జనవరి వచ్చిందంటే చాలు ఊరూవాడా చేతిలో మిర్చీబజ్జీ పొట్లంతో తిరిగే ఆ నుమాయిష్ పుట్టిల్లు పబ్లిక్ గార్డెన్స్ అని చెబితే మా ఇంట్లో పిల్లలే నమ్మలేదు. జనం పెరిగి తోట చాలక 1946లో ఇప్పుడున్న ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మార్చారు. దూరం ఎంత? మోజంజాహీ మార్కెట్ వైపు నడుచుకుంటూ పోవచ్చు. తర్వాత రెండేళ్లు ఆ గొడవల్లో జరగలేదు. 1949లో మళ్లీ మొదలైనప్పుడు గవర్నర్ జనరల్‌గా ఉన్న రాజాజీ వచ్చి ప్రారంభించాడు. నిజాం తెరిచిన సంతను పదకొండేళ్లకు రాజాజీ తెరిచాడు. మధ్యలో ఏం జరిగిందో హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు.

మా అమ్మకు నుమాయిష్ పిచ్చి. పింగాణీ గిన్నెల కోసం. ఇప్పటికీ ఏటా వెళ్తుంది, ఏటా ఒక జాడీ కొంటుంది, ఏటా నాయిన "ఊరగాయ పెట్టుడు ఎప్పుడో బంద్ చేసినవు గదనే" అంటాడు.

ఎక్కడున్నాను? తోట దగ్గర.

జూ కూడా ఇక్కడే ఉండేది. మీర్ ఆలం చెరువు పక్కన నెహ్రూ జూ పార్కు 1963లో తెరిచాక జంతువులు అటు పోయాయి. ఇందాక చెప్పిన సాబ్ చిన్నప్పుడు రెడ్‌హిల్స్‌లో ఉండేవాడట. రాత్రి పొద్దుపోయాక సింహం అరుపు వినిపిస్తే వాళ్లమ్మ "సో జావ్, షేర్ ఆ జాయేగా" అని పడుకోబెట్టేదట. తీరా సింహం వెళ్లిపోయాక చెల్లెలు ఎంతకీ నిద్రపోయేది కాదట. ఈ కథ ఎంత నిజమో నాకు అనవసరం. ఆయన చెప్పేటప్పుడు అరిచి చూపిస్తాడు, బెంచీ మీద పిల్లలు ఉలిక్కిపడతారు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఎవరి వంతు వాళ్లు వేశారు. పిల్లల కోసం బాలభవన్. హెల్త్ మ్యూజియం. ఒక ఆడిటోరియం. లలితకళా తోరణం. పక్కనే 1985లో తెలుగు విశ్వవిద్యాలయం. తోటల శాఖ ఆఫీసు ఎలాగూ తోటలోనే. అన్నీ మంచి పనులే. అసలు చిక్కే అది. చెడ్డపని కోసం తోట అడిగితే జనం ఎదురు తిరుగుతారు. పిల్లల కోసం, కళ కోసం, ఆరోగ్యం కోసం అంటే ఎవరు కాదంటారు? ఈ తోటను ప్రేమించిన ప్రతి ఒక్కరూ ఇందులో ఒక బిల్డింగు కట్టారు. మా పనిలో స్టాంపు కాగితానికి ఎడమ పక్క మార్జిన్ వదలాలి. వదలకపోతే కాగితం వెనక్కి వస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలు "ఖాళీయే కదా మేడం, రెండు లైన్లు ఎక్కిద్దాం" అంటారు. ఖాళీ ఎందుకుందో ఫైలు కుట్టేటప్పుడు తెలుస్తుంది. కుట్టడానికి చోటు లేకపోతే దారం అక్షరాల మీదనుంచే పోతుంది.

ఇలా అన్నానని బాలభవన్ మీద కోపం అనుకునేరు. నేను అందులోనే పెరిగాను. నాయినకు చివరికి అటెండర్ ఉద్యోగం వచ్చింది, లక్డీకాపూల్ దగ్గర ఒక సర్కారు ఆఫీసులో. ఎండాకాలం సెలవుల్లో పొద్దున నన్ను, మా అక్కను బాలభవన్‌లో దింపి డ్యూటీకి పోయేవాడు. అక్క డాన్సులో చేరింది. నాకు కాళ్లు ఆడవని మట్టిబొమ్మల క్లాసులో వేశారు. నేను చేసిన ఏనుగుకు తొండం నిలవలేదు, ఎన్నిసార్లు అతికించినా రాలిపోయేది. "పోనీ పంది అను" అన్నాడు నాయిన. మధ్యాహ్నం లంచ్‌కు వచ్చి చెట్టు కింద మాకు అన్నం పెట్టి వెళ్లేవాడు. అదీ పట్నం వచ్చిన మొదటిరోజు ఆయన రొట్టె తిన్న చెట్టే. నిద్రగన్నేరు. సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకునేది.

తోటలో ఎవరెవరు కూర్చుంటారో ఇరవై ఆరేళ్లు చూశాను కాబట్టి చెబుతున్నాను. పొద్దున వాకర్లు. వాళ్లకు బూట్లుంటాయి, సంఘం ఉంటుంది, పేపరు ఉంటుంది, షుగర్ ఎంతుందో పక్కవాడితో పోల్చుకోవడం ఉంటుంది. తొమ్మిదింటికల్లా వెళ్లిపోతారు. ఆ తర్వాత వచ్చేవాళ్లు వేరే. వీళ్లెవరూ తోటకని బయలుదేరినవాళ్లు కాదు. ఇంకెక్కడికో వచ్చి ఇక్కడ ఆగినవాళ్లు.

స్టేషన్‌లో దిగి సాయంత్రం బండికోసం చూసేవాళ్లు. కోర్టులో పిలుపు కోసం వచ్చి, లంచ్ తర్వాత రమ్మంటే ఇటు వచ్చినవాళ్లు. సర్వీస్ కమిషన్ ఆఫీసు ఇక్కడికి దగ్గరే కదా, ఏదో సర్టిఫికెట్ సంగతి కనుక్కుందామని వచ్చి, పని కాక, గడ్డి మీద కరెంట్ అఫైర్స్ పుస్తకం తెరిచి కూర్చున్న పిల్లలు. ఒకళ్లను ఒకళ్లు ప్రశ్నలు అడుక్కుంటుంటారు. "అమరవీరుల స్తూపం శిల్పి ఎవరు?" అని ఒకమ్మాయి అడిగితే పక్కనున్న అబ్బాయి తడబడ్డాడు. ఎక్కా యాదగిరిరావు అని నేను అందించాను. ఆ స్తూపం ఎదురుగా గన్‌పార్కులోనే ఉంది బాబూ, వెళ్లి చూసి రా, అన్నాను. 1969 ఉద్యమంలో కాల్పులకు చనిపోయినవాళ్ల గుర్తుగా 1970లో పునాది పడింది. పైన తెల్లటి పువ్వుకు తొమ్మిది రేకులు. అప్పటికి తెలంగాణలో తొమ్మిది జిల్లాలు. రోడ్డుకు ఇటు శాసనసభ, అటు స్తూపం. ఏ పార్టీవాళ్లు ఏ ఊరేగింపు తీసినా ముందు అక్కడ దండవేసి కదులుతారు. రాష్ట్రం వచ్చాక జూన్ 2 జెండా పండుగ కూడా పరేడ్ గ్రౌండ్స్ నుంచి 2019లో ఇక్కడికే, పబ్లిక్ గార్డెన్స్‌కే వచ్చింది, 2024లో మళ్లీ పరేడ్ గ్రౌండ్స్‌కు పోయింది. హైదరాబాద్ రాజ్యం దేశంలో కలిసిన సెప్టెంబర్ 17 పండుగలు కూడా ఇక్కడే. సర్కారు మారితే సెప్టెంబర్ 17 పేరు మారింది కానీ చోటు మాత్రం ఈ తోటే.

పండుగలంటే నాకు ఇష్టమే. దానికి ముందు రోజులే కష్టం. ఏ కార్యక్రమమో పేరెత్తను, ఒకసారి వరసగా కొన్నిరోజులు గేట్లు మూసేశారు. షామియానాలు, కర్రలు, పోలీసులు. నా టిఫిన్ డబ్బాతో నేను గేటు దగ్గర నిలబడ్డాను. "బంద్ అమ్మా" అన్నాడు కాపలా అతను. ఎన్నిరోజులు అంటే తెలియదన్నాడు. పాపం అతనికెలా తెలుస్తుంది. నాకేం, వెనక్కి వెళ్లి ఫ్యాన్ కింద తింటాను. నా పక్కన ఒక పెద్దావిడ నిలబడి ఉంది, చేతిలో ప్లాస్టిక్ చెంబు, నీళ్ల సీసా, దుప్పటి. ఆమెకు వెనక్కి పోవడానికి ఏముందో తోచలేదు.

అలాంటివాళ్లు ఎక్కడినుంచి వస్తారో నాకు తెలుసు. రెడ్‌హిల్స్‌లో పిల్లల దవాఖానా నిలోఫర్ ఉంది, క్యాన్సర్ దవాఖానా ఎమ్‌ఎన్‌జే ఉంది. రాష్ట్రం నలుమూలల నుంచి వస్తారు. లోపల మంచం రోగికి, వెంట వచ్చినవాళ్లు నలుగురు. కొన్నేళ్ల కిందట నారాయణపేట నుంచి వచ్చిన ఒక ముసలామె నేను తింటున్న బెంచీకి ఆ చివర కూర్చుంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కాసేపు చూసి, "పెద్దమ్మా, అన్నం తింటవా?" అన్నాను. తల ఊపింది, వద్దని. ఇంకాసేపటికి తనే చెప్పింది. మనవడు లోపల ఉన్నాడు. కోడలు పక్కనే ఉంది. "కోడలు ముంగట ఏడిస్తే అది ధైర్నం చెడతది. ఆడ ఏడ్వనీకి జాగ లేదు బిడ్డా. అందుకే ఈడికొచ్చిన." కాసేపు ఏడ్చింది. తర్వాత నల్లా దగ్గర మొహం కడుక్కుని, కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఆ పిల్లవాడికి ఏమైందో నాకు తెలియదు.

ఈ తోట ఎంత పాతదో, ఏ రాజు ఎంత ఖర్చు పెట్టాడో చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. దేనికి పనికొస్తుంది అంటే నేను ఆ పెద్దమ్మనే చెబుతాను. హోటల్లో కూర్చోవాలంటే చాయ్ తాగాలి. మాల్‌లోకి పోవాలంటే బట్టలు బాగుండాలి. గుడికి మొక్కుండాలి, దవాఖానాకు రోగముండాలి. ఏ పనీ లేకుండా, ఎవరూ ఏంటని అడగకుండా మూడు గంటలు కూర్చునే చోటు ఈ చుట్టుపక్కల ఇంకెక్కడుందో నాకు చూపించండి.

పోయిన ఏప్రిల్‌లో నాయినను తీసుకెళ్లాను. ఇప్పుడు ఆయనకు డెబ్బై ఐదు దాటింది. మోకాళ్లు సహకరించవు. మెట్రోలో అసెంబ్లీ స్టేషన్‌లో దిగాం. లిఫ్టులో కిందికి వచ్చేటప్పుడు "గింత సుకం పనికిరాదు" అన్నాడు. గేటు దగ్గర బండి మీద మామిడికాయ ముక్కలు, ఉప్పూకారం. చూసి ఆగాడు. యాభై ఏళ్లకు పైగా గడిచాక బాగ్-ఎ-ఆమ్‌లో ఆమ్ దొరికిందని పగలబడి నవ్వాడు. ఆ బండి అబ్బాయికి ఎందుకు నవ్వుతున్నాడో అర్థం కాక ఇంకో రెండు ముక్కలు వేసి ఇచ్చాడు. పళ్లు లేవు, చప్పరించి ఊసేశాడు. "పులుపు" అన్నాడు తృప్తిగా.

నిద్రగన్నేరు కోసం వెతికాం. దొరికిందనే అనుకుంటున్నా. నాయిన మాత్రం ఇది కాదు, దానికి ఎడమ దిక్కు కొమ్మ కిందికి వంగి ఉండేదని పట్టుబట్టాడు. దాని కింద పరిచిన బండలు చూసి మాత్రం "ఇవి మా తాండూరువే" అన్నాడు. చిన్నప్పుడు ఆయనా బండల గనిలో పని చేసినవాడే. చేత్తో తడిమి చూశాడు.

మేం కూర్చున్న కాసేపటికి మా అడ్డా నుంచి ఫోన్. తాండూరాయన వచ్చాడు, వాయిదా లంచ్ తర్వాతకు పడింది, ఏం చెయ్యమంటావు అని గుమాస్తా భాయ్. ఇక్కడికే పంపించమన్నాను. పదిహేను నిమిషాలకు వచ్చాడు. ముప్ఫై ఏళ్లుంటాయేమో, భూమి తగాదా, అన్నదమ్ములు. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాన్నిండా కాగితాలు. ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

నాయిన జరిగి చోటిచ్చాడు. ఏ ఊరు, ఎవరి కొడుకువు, మీ తాత పేరేంది అని వరసగా అడిగాడు. రెండో మాటకే వాళ్ల తాత తెలిసినవాడని తేలింది. కేసు గురించి ఒక్క మాటా అడగలేదు.

"సాయంత్రం బండి ఎన్నింటికి?" అన్నాడు.

"ఇంకా టైమున్నది పెద్దనాయినా."

"రొట్టెలు తెచ్చుకున్నవా?"

తెచ్చుకోలేదన్నాడు. నాయిన నా డబ్బా మూత తీశాడు. నన్ను అడగనైనా అడగలేదు.